శ్రీహరికోట పరిసర గ్రామాలలో రాత్రి బస పర్యాటకం: పంట కాలమే ప్రమాణం

శ్రీహరికోటలోని సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రంలో 5,000 మంది కూర్చుని ప్రయోగాన్ని తిలకించే వీక్షణశాల 2019లో అందుబాటులోకి వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 1న జరిగిన పీఎస్ఎల్‌వీ-సీ45 ప్రయోగాన్ని సామాన్య ప్రజలు తొలిసారిగా అక్కడి నుంచి చూశారు. ప్రయోగం ఉన్న రోజున సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా దీవికి వెళ్ళే దారి వాహనాలతో నిండిపోతుంది. రాకెట్టు కంటికి కనిపించేది కొద్ది నిమిషాలే. తరువాత జనం చెన్నై, తిరుపతి, నెల్లూరు వైపు తిరిగి వెళ్ళిపోతారు. దారిలోని గ్రామాలకు మిగిలేది టీకొట్ల అమ్మకం, రోడ్డు పక్కన ఖాళీ సీసాలు.

ఈ సందర్శకులలో కొందరినైనా ఒక రాత్రి పల్లెలో నిలపగలిగితే రైతు కుటుంబానికి అదనపు ఆదాయం లభిస్తుందన్న ఆలోచన విస్తరణ వర్గాలలో తరచు వినిపిస్తున్నది. ఆలోచన సమంజసమైనదే. అయితే దానిని పర్యాటక శాఖ దృష్టితో మాత్రమే చూస్తే సరిపోదు. రైతు ఇంట అతిథి బస అంటే ఆ కమతంలో మరొక అనుబంధ వృత్తి చేరడమే. పాడికి, కోళ్ళకు, కూరగాయలకు శ్రమ, నీరు, పెట్టుబడి, నష్టభయం లెక్కించినట్లే దీనికీ లెక్కించవలసి ఉంటుంది.

ఈ సూత్రాన్ని చట్టంలోనే పొందుపరచిన దేశం ఇటలీ. 1985లో అక్కడ చేసిన వ్యవసాయ పర్యాటక చట్టం ప్రకారం అతిథి సేవ సేద్యానికి అనుబంధంగా ఉండాలి తప్ప సేద్యాన్ని మించరాదు. మన దేశంలో మహారాష్ట్ర 2020లో ప్రత్యేక వ్యవసాయ పర్యాటక విధానాన్ని ప్రకటించింది. అంతకు ముందే కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కలిసి చేపట్టిన గ్రామీణ పర్యాటక పథకంలో కచ్ ప్రాంతపు హోడ్కా, తెలుగునాట పోచంపల్లి చేరాయి. హోడ్కాలో బస నిర్వహణ గ్రామ సమితి చేతిలో ఉండడం దాని ప్రత్యేకత. పోచంపల్లికి 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తింపు లభించింది. కాని పోచంపల్లిలో సందర్శకుడు చూడవచ్చేది మగ్గాన్ని. మగ్గం ఏడాదిలో అధిక భాగం నడుస్తుంది. వరి పొలానికి ఆ వెసులుబాటు లేదు. అందువల్ల చేనేత గ్రామపు నమూనాను పులికాట్ తీరపు వరి గ్రామానికి యథాతథంగా తేవడం కుదరదు.

ప్రయోగాల మీద ఆధారపడే బసలోని బలహీనతను ముందుగా గుర్తించాలి. చంద్రయాన్-2ను 2019 జులై 15 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు ప్రయోగించవలసి ఉండగా, 56 నిమిషాల ముందు సాంకేతిక లోపం గుర్తించి నిలిపివేశారు. జులై 22 మధ్యాహ్నం ప్రయోగం విజయవంతమైంది. శాస్త్రవేత్తలకు అది సరైన నిర్ణయం. ఆ రాత్రికై బియ్యం, కూరలు, పాలు సమకూర్చుకున్న గృహిణి ఎవరైనా ఉంటే ఆమెకు అది పూర్తి నష్టం. వారం తరువాత అదే అతిథి తిరిగి వస్తాడన్న హామీ లేదు. ప్రయోగాలకు నియత ఋతువు కూడా లేదు. కనుక ప్రయోగ దినాన వచ్చే అతిథిని అదనపు లాభంగా భావించవచ్చునే గాని, ఆ అతిథి కోసం అప్పు చేసి గది కట్టడం వివేకం కాదు.

పంట కాలం, శ్రమ లభ్యత

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరినా, ఇక్కడి సేద్యపు తీరు నెల్లూరు సీమదే. ఈశాన్య ఋతుపవనాలే ప్రధాన ఆధారం. అక్టోబరు చివర, నవంబరు మొదట్లో నారు పోస్తారు. నవంబరు చివరి నుంచి డిసెంబరు అంతా నాట్లు, కలుపుతీత సాగుతాయి. ఈ మండలాల్లో కూలీల కొరత తీవ్రమయ్యే కాలం ఇదే. తుపానులూ ఇదే కాలంలో వస్తాయి. 2021 నవంబరు వరదలు, 2023 డిసెంబరులో వచ్చిన మిచాంగ్ తుపాను ఈ తీరపు రైతులకు ఇంకా గుర్తున్నాయి.

పర్యాటక ప్రచారంలో మాత్రం నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మొత్తం ఒకే అనుకూల కాలంగా కనిపిస్తుంది. ఎండ తక్కువ, పక్షులు ఎక్కువ, సరస్సు నిండుగా ఉంటుంది. అతిథికి అనుకూలమైన ఈ నాలుగు నెలల్లో తొలి రెండు నెలలు ఆతిథ్యమిచ్చే కుటుంబానికి ఊపిరి సలపని రోజులు. పథకాలు రూపొందించేటప్పుడు ఈ వైరుధ్యాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం విచిత్రం.

నెల్లూరు మసూరిగా ప్రసిద్ధమైన ఎన్ఎల్ఆర్ 34449 వంటి, సుమారు 125 రోజుల రకాన్ని నవంబరు తొలి వారంలో నారు పోసినట్లు భావిద్దాం. జనవరి మొదటి వారానికి పైరు అంకురం దశకు చేరుతుంది. ఆ దశలో వేయవలసిన చివరి విడత నత్రజని వేసిన తరువాత నీటి యాజమాన్యం, అగ్గితెగులు, కాండం తొలుచు పురుగులపై నిఘా తప్ప ఇంటిల్లిపాది శ్రమించే పని కోత వరకు తక్కువ. కోత మార్చి మొదట్లో వస్తుంది. అంటే సంక్రాంతి నుంచి ఫిబ్రవరి చివరి వరకు సుమారు ఆరు వారాలు వెసులుబాటు ఉంటుంది. పులికాట్‌లో రాజహంసలు కనువిందు చేసే రోజులూ, నేలపట్టులో గూడబాతులు పిల్లలను మేపే రోజులూ ఇవే. సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో పండుగను 2025లో జనవరి 18 నుంచి 20 వరకు నిర్వహించారు. చేను పొట్ట మీదికి వచ్చి ఈనుతున్న ఈ కాలంలో గట్టు మీద నడిచే అతిథికి చూడదగినదీ, అడిగి తెలుసుకోదగినదీ ఎంతో ఉంటుంది. నాట్లను చూపించలేకపోయినందువల్ల కలిగే లోటు స్వల్పమే. కొద్దిసేపు సరదాగా నాటిన మొలకలను కూలీలు మళ్ళీ సరిచేసుకోవలసిన శ్రమ కూడా తప్పుతుంది.

తీరం వెంబడి ఇసుక నేలల్లోని సరుగుడు తోటలకు ఇంతటి కాల నియమం లేదు. రొయ్యల చెరువుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఒక చెరువులో తడిసిన పాదాలతో మరొక చెరువు గట్టు దిగడం తెల్లమచ్చల వ్యాధికి దారి తీయవచ్చు. అతిథులను చెరువుల మధ్యకు తీసుకుపోకపోవడమే మేలు.

ఇంటి స్త్రీల శ్రమ విలువ

రాత్రి బస లాభనష్టాలను లెక్కించేటప్పుడు సాధారణంగా విస్మరించేది ఇంటి స్త్రీల శ్రమ. అవగాహన కోసం కొన్ని అంకెలను ఊహించి లెక్క వేయవచ్చు. ఇవి సర్వేలో తేలినవి కావు. ప్రతి గ్రామంలోనూ స్థానిక ధరలతో తిరిగి లెక్కించవలసినవి.

నలుగురు అతిథులు, తలకు రూ. 1,200 చొప్పున రాబడి రూ. 4,800. భోజన సామగ్రికి రూ. 1,400, దుప్పట్ల ఉతుకు, వంటగ్యాసు, విద్యుత్తులకు రూ. 500, వెంట తిరిగే యువకునికి రూ. 500. అతిథుల కోసం రూ. 1,50,000తో స్నానాల గది, మరుగుదొడ్డి కట్టి, పదేళ్ళపాటు ఏటా 30 రాత్రులు వినియోగించితే రాత్రికి తరుగుదల రూ. 500. మొత్తం ఖర్చు రూ. 2,900 పోగా మిగులు రూ. 1,900. ఇద్దరు స్త్రీలు తొమ్మిదేసి గంటలు పనిచేస్తే మొత్తం 18 గంటలు. గంటకు సుమారు రూ. 105 గిట్టుబాటు అవుతుంది.

ఏటా 15 రాత్రులే నిండితే తరుగుదల రాత్రికి రూ. 1,000 అవుతుంది. మిగులు రూ. 1,400కు, గంటకు రూ. 78కి పడిపోతుంది. ఆ రాత్రి నాట్ల కాలంలో వచ్చిందనుకుంటే, ఇంట్లో నిలిచిపోయిన ఇద్దరి బదులు పొలానికి ఇద్దరు కూలీలను తలకు రూ. 700 చొప్పున పిలవవలసి వస్తుంది. మిగిలిన రూ. 1,400 అక్కడే హరించుకుపోతుంది. అతిథి చెల్లించిన సొమ్ము మారలేదు, వండిన చేపల పులుసు మారలేదు. ఫిబ్రవరిలో ఆదాయమైనది డిసెంబరులో వట్టి చాకిరిగా మిగిలింది.

ఈ లెక్కలో మరొక ప్రశ్న కూడా ఉన్నది. ఆ రూ. 1,900 ఎవరి చేతికి చేరుతుంది? గది భర్త పేరున, బ్యాంకు ఖాతా భర్త పేరున ఉంటే ఇరుగుపొరుగుతో మాట్లాడే పాత్ర ఆయనది, తెల్లవారకముందే లేచి పొయ్యి వెలిగించే పాత్ర ఆమెది అవుతుంది. బస చెల్లింపులు స్వయం సహాయక సంఘ సభ్యురాలైన గృహిణి ఖాతాకే చేరేలా మొదటి రోజు నుంచే ఏర్పాటు చేయడం అవసరం. తరువాత మార్చడం కష్టం.

నీరు, మరుగు

పులికాట్ ఉప్పు, మంచి నీరు కలిసే సరస్సు. దేశంలో చిలికా తరువాత పెద్దది ఇదే. వానాకాలంలో లవణీయత తగ్గి, వేసవిలో సముద్రపు నీటిని మించుతుంది. ఉత్తర భాగం చాలావరకు ఎండిపోతుంది. ఒడ్డు గ్రామాల ఇసుక పొరల్లో మంచినీరు ఉప్పునీటిపై పలుచని పొరగా తేలి ఉంటుంది. సిద్ధాంతం ప్రకారం, సముద్రపు నీటిపై తేలే మంచినీటి మట్టం ఒక అడుగు తగ్గితే అడుగున ఉన్న ఉప్పునీటి హద్దు సుమారు 40 అడుగులు పైకి జరుగుతుంది. ఒక ఇంట నలుగురు అతిథుల స్నానం వల్ల ఇది జరగదు. పది ఇళ్ళలో షవర్లు, నీటి తొట్లు పెట్టి మోటార్లు నడిపితే జరిగే అవకాశం ఉన్నది. బకెట్టు, చెంబుల స్నానమే పల్లె అనుభవమని అతిథికి ముందే చెప్పడం ఉత్తమం. భూగర్భజలం లోతు తక్కువగా ఉన్నచోట మరుగుదొడ్డి ఇంకుడు గుంత తాగునీటి బోరుకు దగ్గరగా రాకుండా చూడాలి. బస గృహాల ఎంపికలో గది అందం కన్నా ముందు పరిశీలించవలసింది ఇదే.

పక్షులు, పడవలు

1976లో అభయారణ్యంగా ప్రకటించిన నేలపట్టు చెరువులో నీటిలో నిలిచిన కడప చెట్లపై గూడబాతులు గూళ్ళు కడతాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమని ఇక్కడి రైతులు ఎరుగుదురు. పక్షులను కాపాడే సంప్రదాయం వెనుక కేవలం దయ మాత్రమే కాక నత్రజని, భాస్వరాల ప్రయోజనం కూడా ఉన్నదని ఒక రైతు నోట వినడం అతిథికి గొప్ప పాఠం. ఏ పుస్తక పరిచయమూ దానికి సాటిరాదు. రాత్రి బస చేసినవారికే ఇక్కడ తెల్లవారు జామున ఉండే వీలు కలుగుతుంది. గూళ్ళ దగ్గరకు పోకుండా, కెమెరా ఫ్లాష్, డ్రోన్ వాడకుండా చూసే బాధ్యత ఆతిథ్యమిచ్చేవారి మీద ఉంటుంది.

సరస్సులో పడవ విహారాన్ని పర్యటనలో చేర్చాలన్న ఉత్సాహం సహజం. 2011 డిసెంబరు 25న పులికాట్‌లో విహారానికి వెళ్ళిన పడవ మునిగి 20 మందికి పైగా మరణించారు. చేపల వేటకు వాడే నాటు పడవ ప్రయాణికుల పడవ కాదు. తేలుడు జాకెట్లు, అనుమతి, బరువు పరిమితి లేనిచోట పడవ కార్యక్రమాన్ని పూర్తిగా మానుకోవాలి. ఒడ్డున వలల మరమ్మతు చూపిస్తే చాలు.

యానాదుల గౌరవం

శ్రీహరికోట దీవిలో తరతరాలుగా నివసించినవారు యానాదులు. 1969లో ఆ దీవిని ప్రయోగ కేంద్రానికి ఎంపిక చేసిన తరువాత ఆ కుటుంబాలలో ఎందరో తావు మారవలసి వచ్చింది. ఔషధ మొక్కల పరిచయం, పొలాల్లో ఎలుక బొరియలను గుర్తించి తవ్వే నేర్పు, సరస్సులో చేతులతో చేపలు, రొయ్యలు పట్టే మెలకువ వారి సొత్తు. గ్రామ పర్యటనల ప్రణాళికల్లో వీరి గుడిసెలను ఒక ‘సందర్శన స్థలం’గా చేర్చే ధోరణి అభ్యంతరకరం. పేదరికాన్ని వాహనంలోంచి చూపించడం విస్తరణ కార్యక్రమం అనిపించుకోదు. చెన్నై సమీపాన 1978లో ఏర్పడిన ఇరులుల పాములు పట్టేవారి సహకార సంఘం మరొక మార్గాన్ని చూపింది. అక్కడ సంఘ సభ్యుల విద్యకే విలువ కట్టారు. ఎలుకల యాజమాన్యం గురించి అతిథులకు పొలంలో ప్రదర్శించే యానాది నిపుణుడు ప్రదర్శన వస్తువు కాడు, గురువు. ఆయనకు చెల్లించే రుసుము బస ధరలో విడిగా, ముందుగా కనిపించాలి. ఎవరి ఇంటికి వెళ్ళాలో, ఎవరి ఫొటో తీయాలో నిర్ణయించే హక్కు వారిదే.

విద్యార్థుల పాత్ర

వ్యవసాయ పట్టభద్ర విద్యార్థులు చివరి సంవత్సరంలో గ్రామీణ కృష్యానుభవ కార్యక్రమం కింద పల్లెల్లో ఉండి, ఆతిథ్య రైతుతో కలిసి పనిచేస్తారు. రాత్రి బస అంటే ఏమిటో, చద్దన్నం ఎప్పుడు తింటారో, తెల్లవారుజామున కరెంటు వస్తే మోటారు వేయడానికి ఎవరు లేస్తారో వారికి ప్రత్యక్షంగా తెలుసు. పర్యాటక సంస్థలకు లేని ఈ అనుభవం విశ్వవిద్యాలయాల వద్ద ఉన్నది. వారు రోజూ రాసే దినచర్య పుస్తకంలో మరొక పట్టిక చేర్చితే చాలు: ఇంటిలోని ప్రతి సభ్యుడు, సభ్యురాలు ఏ వారంలో ఎన్ని గంటలు పొలంలో, ఎన్ని గంటలు ఇంట్లో పనిచేశారు, తాగునీరు ఎంత దూరం నుంచి వచ్చింది, దాని లవణీయత ఎంత. ఒక పంటకాలం పొడవునా పది ఇళ్ళలో ఈ వివరాలు సేకరిస్తే ఏ గ్రామం ఏ వారాల్లో, ఎందరు అతిథులను భరించగలదో తేలుతుంది.

నమోదు నిబంధనలు క్లిష్టమైనవి కావు. కేంద్ర పర్యాటక శాఖ గృహ బస పథకంలో యజమాని కుటుంబం అదే ఇంట నివసించాలి, అద్దెకిచ్చే గదులు ఆరుకు మించరాదు. విదేశీయులకు బస ఇస్తే వారి వివరాలను 24 గంటల్లో సంబంధిత అధికారులకు తెలియజేయాలి. శ్రీహరికోట వంటి రక్షిత ప్రాంతపు పొరుగున ఈ నియమాన్ని నిర్లక్ష్యం చేస్తే చిక్కులు తప్పవు. దీనికి ఇంగ్లీషు ఫారాలు నింపవలసి ఉంటుంది. ఆ పనిలో తొలి ఏడాది గృహిణి పక్కన కూర్చుని సహాయపడవలసింది కృషి విజ్ఞాన కేంద్రపు సిబ్బందే.