దారికీ ఒక హక్కు ఉంది

దైవదాసుల హక్కులు (హుఖూఖుల్ ఇబాద్) అనగానే మనకు తల్లిదండ్రులు, బంధువులు, ఇరుగుపొరుగువారు, అనాథలు గుర్తుకొస్తారు. మనం నడిచే దారికి కూడా హక్కు ఉందన్న సంగతి చాలామందికి తోచదు. బాటల మీద కూర్చోవడం మానుకోవాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించినప్పుడు, తమకు అక్కడ కూర్చోక తప్పదని సహచరులు విన్నవించుకున్నారు. అలాగైతే దారికి దాని హక్కు చెల్లించాలని ఆయన ఆదేశించారు. చూపులు వాల్చుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాముకు బదులివ్వడం, మంచిని ఆదేశించి చెడును వారించడం ఆ హక్కులని వివరించారు. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉంది.

ఆనాడు దారి అంటే ఒంటెలు, గుర్రాలు, కాలినడకన పోయేవారు. ఈనాడు దారి అంటే కార్లు, పార్కింగు స్థలాలు, కొత్తగా విద్యుత్ కార్ల చార్జింగ్ స్టేషన్లు. వాహనం మారింది గాని దారి హక్కు మారలేదు. ఈ విషయంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం పాతికేళ్లుగా గడించిన అనుభవం మనకు మంచి పాఠం. మన తెలుగు ముస్లిం కుటుంబాల పిల్లలు ఎందరో అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మా దగ్గర చదువుకున్న కొందరు ఫోన్లో అడిగిన ప్రశ్నలే ఈ వ్యాసానికి కారణం.

ఖాళీ సీటు ఎవరిది?

కాలిఫోర్నియాలోని పెద్ద రహదారుల్లో చాలాచోట్ల ఎడమ అంచున ఒక ప్రత్యేక లేన్ ఉంటుంది. దాని మీద తెల్లరంగుతో వజ్రం గుర్తు గీసి ఉంటుంది. ఇది కార్‌పూల్ లేన్. నిర్ణీత వేళల్లో ఇందులో వెళ్లాలంటే కారులో కనీసం ఇద్దరుండాలి. కొన్నిచోట్ల ముగ్గురుండాలి. సీటులో కూర్చోబెట్టిన పసిబిడ్డ కూడా లెక్కలోకి వస్తుంది. నలుగురు నాలుగు కార్లలో బయలుదేరే బదులు ఒకే కారులో వెళ్తే రద్దీ తగ్గుతుంది, పొగ తగ్గుతుంది. అందుకు ప్రోత్సాహంగా ప్రభుత్వం ఇచ్చే సదుపాయమే ఈ లేన్.

ఈ ఆలోచన మనకు కొత్తేమీ కాదు. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స), తన అవసరానికి మించి వాహనం ఉన్నవారు వాహనం లేనివారికి దాన్ని ఇవ్వాలని, అలాగే మిగులు ఆహారం ఉన్నవారు లేనివారికి పెట్టాలని బోధించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. తమ దగ్గర మిగిలిన దాని మీద తమకు హక్కే లేదేమోనని సహచరులు అనుకునేంతగా ఆయన ఆ విషయాన్ని నొక్కి చెప్పారట. రోజూ ఒక్కరమే వెళ్లే కారులో ఖాళీగా ఉన్న మూడు సీట్లు కూడా మిగులు వాహనం కిందికే వస్తాయని మా అభిప్రాయం.

స్టిక్కరు కథ

పొగ వదలని కార్లను జనం కొనాలన్న ఉద్దేశంతో కాలిఫోర్నియా 1999లో ఒక చట్టం చేసింది. అలాంటి కారుకు ప్రభుత్వం ఇచ్చే స్టిక్కరు అతికించుకుంటే డ్రైవరు ఒక్కడే ఉన్నా కార్‌పూల్ లేన్‌లో వెళ్లవచ్చు. 2004లో చేసిన మరో చట్టంతో, పెట్రోలు ఇంజనూ బ్యాటరీ కలిసి నడిపే హైబ్రిడ్ కార్లకు కూడా ఈ సదుపాయం దక్కింది. వాటికి ఇచ్చిన పసుపు స్టిక్కర్ల సంఖ్య 85 వేలకు చేరింది. స్టిక్కరున్న పాత కారుకు స్టిక్కరు లేని కారు కంటే ఎక్కువ ధర పలికేది. ఆ పసుపు స్టిక్కర్ల గడువు 2011 జూలై 1న ముగిసింది. ఆ తర్వాత పూర్తి విద్యుత్ కార్లకు, ప్లగ్ ఉన్న హైబ్రిడ్లకు రకరకాల రంగుల్లో స్టిక్కర్లు వచ్చాయి.

కార్లు పెరిగినకొద్దీ లేన్ నిండిపోయింది. రద్దీ వేళల్లో నూటికి తొంభై పాళ్ల సమయం ఈ లేన్లలో కనీసం గంటకు 45 మైళ్ల (72 కిలోమీటర్ల) వేగం నిలవాలన్నది అమెరికా ఫెడరల్ చట్టం పెట్టిన కొలత. చాలా లేన్లు ఆ కొలత అందుకోలేకపోయాయి. నలుగురిని ఎక్కించుకుని వచ్చినవారు, ఒంటరిగా వచ్చిన కార్ల వెనుక ఆగిపోవలసి వచ్చింది. చివరికి ఫెడరల్ అనుమతి గడువు తీరి, 2025 సెప్టెంబరు 30తో ఈ పథకం ముగిసింది. అప్పటికి ఐదు లక్షలకు పైగా కార్లకు స్టిక్కర్లున్నాయి.

ఆ సదుపాయం చూసే కారు కొన్నామని, ఇది అన్యాయమని బాధపడినవారు మా శిష్యుల్లోనూ ఉన్నారు. వారి బాధ మాకు అర్థమవుతుంది. అయితే ఫిఖ్ గ్రంథాల్లో 'ఆరియత్' అనే మాట ఉంది. వాడుకుని తిరిగి ఇచ్చే షరతుతో తీసుకున్న వస్తువు అని దాని అర్థం. పొరుగింటి నుంచి తెచ్చుకున్న నిచ్చెన పదేళ్లు మన ఇంట్లో ఉన్నా మనదైపోదు. గడువు పెట్టి ఇచ్చిన రాయితీ కూడా అలాంటిదే. గడువు తీరాక దాన్ని పట్టుకుని వేలాడటం అమానతుకు భంగం. స్టిక్కరు ఇంకా బంపరు మీద ఉంది కదా, పోలీసు చూసినా పట్టించుకోడులే అని ఒకరు మమ్మల్ని అడిగారు. పట్టుబడితే కనీసం 490 డాలర్ల జరిమానా ఉంది. విశ్వాసి మాత్రం జరిమానాకు ముందే అల్లాహ్ దగ్గరి లెక్కను గుర్తు చేసుకోవాలి.

చట్టానికి గంతలు

నిబంధన ఉన్నచోట దాన్ని తప్పించుకునే ఎత్తులూ పుడతాయి. పక్కసీటులో బట్టల దుకాణపు బొమ్మను కూర్చోబెట్టి, టోపీ పెట్టి, కార్‌పూల్ లేన్‌లో వెళ్తూ పట్టుబడ్డవారు కాలిఫోర్నియాలో ఉన్నారు. 2013 జనవరిలో అక్కడి మరిన్ కౌంటీ కోర్టుకు ఒక వింత కేసు వచ్చింది. ఒక ఆసామి ఒంటరిగా వెళ్తూ పట్టుబడి, పక్కసీటులో తన కంపెనీ రిజిస్ట్రేషను కాగితాలున్నాయని, చట్టం దృష్టిలో కంపెనీ కూడా ఒక 'వ్యక్తే' గనుక కారులో ఇద్దరమున్నట్టేనని వాదించాడు. కంపెనీలను మనుషులతో సమానంగా చూడటాన్ని ప్రశ్నించాలన్నదే తన ఉద్దేశమని ఆయన దాచలేదు. కోర్టు మాత్రం చట్టం ఉద్దేశాన్ని చూసింది. కాగితాల కట్టను మోసుకెళ్తే రోడ్డు మీద రద్దీ తగ్గదని చెప్పి, జరిమానా ఖాయం చేసింది.

ఇది చదివినప్పుడు మాకు దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ ఆరాఫ్ సూరా జ్ఞాపకం వచ్చింది. సముద్రతీరాన ఒక ఊరి ప్రజలకు శనివారం చేపలు పట్టకూడదన్న ఆజ్ఞ ఉండేది. పరీక్షగా, సరిగ్గా ఆ రోజే చేపలు నీటి పైకి వచ్చేవి. వారు శుక్రవారమే వలలు పన్ని, ఆదివారం తీసుకునేవారని వ్యాఖ్యాతలు రాశారు. మాట తప్పలేదు గాని ఆజ్ఞ ఉద్దేశాన్ని చంపేశారు. ఉర్దూలో మనం 'హీలా' అనేది ఇదే. మనుషుల కళ్లకు గంతలు కట్టవచ్చు గాని, సంకల్పాలను ఎరిగినవాడి ముందు హీలా పనిచేయదు.

తీగ తగిలించి ఉంటేనే

చార్జింగ్ స్థలాల విషయంలో కాలిఫోర్నియా చట్టం మరింత స్పష్టంగా ఉంది. ఒకప్పుడు ప్రభుత్వ గుర్తు అతికించిన విద్యుత్ కారైతే చాలు, చార్జింగు కోసం కేటాయించిన చోట నిలుపుకోవచ్చు. 2011లో చట్టాన్ని సవరించారు. అప్పటినుంచి కారుకు చార్జింగ్ తీగ తగిలించి ఉంటేనే అక్కడ నిలపాలి. తీగ లేకుండా నిలిపితే అది విద్యుత్ కారైనా సరే తప్పే. బోర్డు పెట్టిన చోట అలాంటి కారును సొంతదారు ఖర్చు మీదే అక్కడి నుంచి తరలించవచ్చు. టెస్లా కంపెనీ 2016 డిసెంబరు నుంచి, చార్జింగ్ పూర్తయ్యాక కూడా కారును తమ స్టేషనులో వదిలేసినవారి దగ్గర నిమిషాల లెక్కన రుసుము తీసుకోవడం మొదలుపెట్టింది. ఐదు నిమిషాల్లో తీసేస్తే రుసుము లేదు.

నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో ప్రజలు భాగస్వాములని తెలిపే హదీసు అబూ దావూద్‌లో ఉంది. అందరికీ ఉమ్మడిగా పెట్టిన బావి దగ్గర తన కుండ నిండినా పక్కకు తప్పుకోని మనిషిని మనం ఏమంటాం? చార్జరు దగ్గర కారు వదిలేసి పోయినవాడూ అంతే. ఫాస్ట్ చార్జరు దగ్గర 80 శాతం వరకు చార్జింగ్ వేగంగా ఎక్కుతుంది. ఆపైన నెమ్మదిస్తుంది. వెనుక ఇంకొకరు ఎదురుచూస్తున్నప్పుడు, ప్రయాణానికి సరిపోతుందనుకుంటే 80 శాతం దగ్గరే లేచిపోవడం మర్యాద. అలాగే ఇంకొకరి కారు తీగను మన ఇష్టానికి పీకి మనకు తగిలించుకోవడమూ సరికాదు. కూర్చున్న మనిషిని లేపి ఆ చోట తాను కూర్చోవడాన్ని దైవప్రవక్త (స) వారించారన్నది మరువరాదు.

ఒక శిష్యుడు ఇలా అడిగాడు: "మౌలానా, మస్జిద్ పక్కనున్న చార్జరు దగ్గర కారు పెట్టి జుమాకు వెళ్తాను. ఖుత్బా మధ్యలో చార్జింగ్ పూర్తయిందని ఫోనులో సందేశం వస్తుంది. లేచి వెళ్లనా?" ఖుత్బా మధ్యలో ఫోను చూడటమే తగదని అతనికి చెప్పాం. మధ్యలో లేవలేమని ముందే తెలిసినప్పుడు, నమాజు ముగిసేలోపు నిండిపోయే చార్జరు దగ్గర కారు పెట్టకూడదు. నెమ్మదిగా ఎక్కే చార్జరు చూసుకోవాలి. లేదా నమాజుకు ముందో, తర్వాతో చార్జింగ్ పెట్టుకోవాలి. నమాజును అడ్డుపెట్టుకుని ఇంకొకరి చోటును ఆక్రమించడం నమాజుకే మచ్చ.

జుమా నాడు మస్జిద్ ముందు

అసలు చెప్పదలచుకున్నది ఇదే. ఒక యుద్ధయాత్రలో సైనికులు విడిది దిగిన చోట ఇరుకు చేసి, దారికి అడ్డంగా గుడారాలు వేశారు. దైవప్రవక్త (స) ఒక మనిషిని పంపి, చోటును ఇరుకు చేసినవారికి, దారిని మూసినవారికి జిహాద్ పుణ్యం లేదని చాటింపు వేయించారు. ఈ హదీసును హజ్రత్ ముఆజ్ బిన్ అనస్ జుహనీ (రజి) ఉల్లేఖించారు. ఇది కూడా అబూ దావూద్‌లో ఉంది. ప్రాణాలకు తెగించి వచ్చినవారి పుణ్యమే దారి మూసినందుకు పోతుందంటే, పది నిమిషాల నడక బద్ధకించి ఎదురింటి గేటుకు అడ్డంగా బండి నిలిపి జుమాకు వచ్చినవారి సంగతి ఏమిటి?

ఒక మస్జిద్ ఉన్న సందులో, ఎదురింటి వృద్ధుణ్ణి డయాలసిస్‌కు తీసుకెళ్లాల్సిన ఆటో, జుమా ముగిసేవరకు వీధి మొదట్లోనే ఆగిపోవడం మేము కళ్లారా చూశాం. అది హిందూ కుటుంబం. ఆయన కుమారుడు ఎవరినీ ఒక్క మాట అనలేదు. నమాజుకు వచ్చినవాళ్లు కదా అని గేటు దగ్గరే నిలబడ్డాడు. అతని మర్యాద గొప్పది. మనం అతని నాన్నగారికి చెల్లించాల్సిన హక్కు మాత్రం చెల్లించలేదు. దాసుల హక్కును ఆ దాసుడు క్షమిస్తేనే అల్లాహ్ క్షమిస్తాడని మనం పిల్లలకు పాఠం చెబుతాం కదా!

అమెరికాలో అనేక మస్జిదులు ఈ ఇబ్బంది తప్పించడానికి జుమాను రెండు మూడు విడతలుగా జరుపుతాయి. పార్కింగు చూసే వాలంటీర్లు మెరిసే చొక్కాలు వేసుకుని బయట నిలబడి, తమ నమాజును ఇంకో విడతలో చేసుకుంటారు. వారి సేవ చిన్నదేమీ కాదు. దారి నుంచి బాధ కలిగించే వస్తువును తొలగించడం ఈమాన్ శాఖల్లో ఒకటని దైవప్రవక్త (స) తెలిపారు.

మన ఊళ్లకూ వచ్చింది

విద్యుత్ వాహనం ఇప్పుడు మన వీధుల్లోకీ వచ్చింది. మన దేశంలో 2018 నుంచి వీటికి ఆకుపచ్చ నంబరు ప్లేటు ఇస్తున్నారు. 2019లో కేంద్రం నమూనా భవన నిబంధనలను సవరించి, కొత్త భవనాల పార్కింగులో ఐదో వంతు వాహనాలకు చార్జింగ్ ఏర్పాటు ఉండాలని సూచించింది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను ఫీజు మినహాయించింది. అంటే కాలిఫోర్నియా తగువులు మన అపార్టుమెంట్లకు, మన మస్జిదులకు వచ్చే రోజు దూరంగా లేదు.

అందుకే మస్జిద్ కమిటీలకు మా విన్నపాలు కొన్ని. మస్జిద్ ఆవరణలోని ప్లగ్గు నుంచి సొంత స్కూటరుకు చార్జింగ్ పెట్టుకోవడం కొన్నిచోట్ల మొదలైంది. మస్జిద్ కరెంటు బిల్లు చందాదారుల అమానతు. దీపాలకు, ఫ్యాన్లకు, వుజూ నీళ్లకు ఇచ్చిన సొమ్ము అది. కమిటీ అనుమతి లేకుండా, ఖర్చు చెల్లించకుండా దాన్ని సొంతానికి వాడుకోకూడదు. అవసరమనుకుంటే వేరే మీటరు పెట్టి, ధర నిర్ణయించి, బోర్డు రాయాలి. జుమా నాడు ఇద్దరు యువకులను వాహనాల దగ్గర వంతులవారీగా నిలపాలి. ఇరుగుపొరుగు గేట్ల ముందు, అంబులెన్సు తిరిగే మలుపు దగ్గర సున్నంతో గీత గీయాలి. ఖుత్బాకు ముందు ఇమామ్ సాహెబు ఒక్క నిమిషం ఈ మాట చెబితే సగం పని అయినట్టే.

ఇక మనవంతు. ఒకే వీధి నుంచి మస్జిదుకు వెళ్లే నలుగురు ఒకే బండిలో వెళ్దాం. దగ్గరలో ఉన్నవారు నడిచి వెళ్దాం. నమాజు కోసం వేసే ప్రతి అడుగుకూ పుణ్యముందని మనకు తెలుసు కదా. ఆ ఎదురింటి కుమారుడు వచ్చే శుక్రవారం తన తండ్రిని సమయానికి తీసుకెళ్లగలిగితే, ఆ వీధిలో మన ధర్మం గురించి మనం వేరే ప్రసంగం చేయనక్కరలేదు.

మన వల్ల ఏ దాసునికీ దారి మూసుకుపోకుండా అల్లాహ్ మనకు సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.