వార్డు నుండి ప్రాజెక్టుకు: నర్సులకు మరో దారి

"మేడమ్, జీవితాంతం షిఫ్టు డ్యూటీలేనా? విదేశాలకు వెళ్ళకపోతే మాకు ఎదుగుదల లేదా?" మన యువ సిస్టర్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఎదుగుదల ఉంది. ఆరోగ్య, సంక్షేమ రంగాల్లో ప్రాజెక్టులను నడిపించడం అందులో ఒక మంచి దారి. అది ఎం.బి.ఎ. చదివినవారి పని అని మనవాళ్ళు వెనకాడుతుంటారు. కాని రోగి అవసరం తెలిసినవారు ఆ కుర్చీలో లేకపోతే నష్టపోయేది రోగే.

ప్రాజెక్టు అంటే ఏమిటి?

ఆసుపత్రి ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంటుంది. ప్రాజెక్టుకు మాత్రం మొదలు, ముగింపు ఉంటాయి. ఇంత కాలంలో, ఇంత డబ్బుతో, ఇంతమందికి ఈ మేలు జరగాలి అని ముందే రాసుకుంటారు. ఆ మాట నిలబెట్టే బాధ్యత ప్రాజెక్ట్ మేనేజరుది.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక రాష్ట్రాల్లో, జిల్లాల్లో ప్రోగ్రామ్ మేనేజ్‌మెంట్ యూనిట్లు ఏర్పడ్డాయి. న్యాకో సహాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే హెచ్.ఐ.వి. నివారణ ప్రాజెక్టుల్లో ప్రాజెక్ట్ మేనేజర్ పోస్టు ఉంటుంది. మిషన్ ఆసుపత్రుల కమ్యూనిటీ హెల్త్ విభాగాలకూ ఇటువంటివారు కావాలి.

మనకు తెలిసిన పనే

నర్సింగ్ ప్రాసెస్ గుర్తు చేసుకోండి. రోగి పరిస్థితిని అంచనా వేస్తాం, సమస్యను గుర్తిస్తాం, ప్రణాళిక వేస్తాం, అమలు చేస్తాం, ఫలితం చూస్తాం. ప్రాజెక్టు నడిచేదీ ఇదే వరుసలో. డ్యూటీ రోస్టర్ వేయడం, ఇండెంట్ పెట్టడం, స్టాకు సరిచూడడం, షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ ఇవ్వడం అన్నీ అక్కడ పనికొచ్చేవే. కొత్తగా నేర్చుకోవలసినవి బడ్జెట్, నివేదికలు, కొలమానాలు.

ఒక ఉదాహరణ

మంచాన పడిన రోగులకు ఇంటివద్దే సేవలందించే ప్రాజెక్టును 20 గ్రామాల్లో ఒక సంవత్సరం పాటు నడపాలనుకుందాం.

1. అవసరం: ముందుగా ఆశా కార్యకర్తలతో, ఎ.ఎన్.ఎం.లతో కలిసి ఇంటింటికీ వెళ్ళి రోగుల జాబితా తయారు చేయాలి. ఊహించి అంకె వేయకూడదు.

2. లక్ష్యం: "రోగులకు సేవ చేయుట" అంటే చాలదు. "నమోదైన ప్రతి రోగిని నెలకు రెండుసార్లు చూడాలి, కుటుంబంలో ఒకరికి పుండు కట్టు కట్టడం నేర్పాలి" అని స్పష్టంగా ఉండాలి.

3. కాలపట్టిక: గళ్ళ కాగితం మీద పనులు నిలువుగా, నెలలు అడ్డంగా రాసి గళ్ళు నింపండి. దీన్నే గాంట్ చార్ట్ అంటారు.

4. బడ్జెట్: జీతాలు, ప్రయాణం, మందులు, శిక్షణ, ఆడిట్ విడివిడిగా చూపాలి. విదేశీ విరాళమైతే పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. 2020 చట్ట సవరణకు ముందు ఈ పరిమితి 50 శాతం ఉండేది.

5. కొలమానం: ఎన్ని ఇళ్ళకు వెళ్ళారన్నది మీ శ్రమను చెబుతుంది. ఎంతమందికి నొప్పి తగ్గింది, ఎంతమందికి బెడ్‌సోర్లు మానాయి అన్నది రోగికి జరిగిన మేలును చెబుతుంది. రెండూ రాయండి. రెండవది మరువకండి.

6. ముగింపు: నిధులు ఆగిన మరునాడు ఈ రోగులను ఎవరు చూస్తారు? దీనికి జవాబు మొదటి నెలలోనే ఆలోచించాలి.

ఆరవ అంశం మీద మరొక మాట. నిధులు అయిపోగానే ఆగిపోయిన హోమ్ కేర్ కార్యక్రమాలను నేను చూశాను. ఫైలు సక్రమంగా ముగుస్తుంది, యుటిలైజేషన్ సర్టిఫికెట్ వెళ్ళిపోతుంది. మంగళవారం సిస్టరమ్మ వస్తుందని గుమ్మం వైపు చూసే ముసలమ్మకు మాత్రం ఎవరూ చెప్పరు. కేరళ ప్రభుత్వం 2008లో పాలియేటివ్ కేర్ విధానం ప్రకటించి, ఈ సేవలో పంచాయతీలకు బాధ్యత ఇచ్చింది. పంచాయతీ నిధులతో కమ్యూనిటీ నర్సులు ఇళ్ళకు వెళుతున్నారు. అందువల్ల అక్కడ ఆ పని ఒక్క దాత మీదనే ఆధారపడి లేదు. మనం కూడా పంచాయతీని, పి.హెచ్.సి.ని, కుటుంబాలను మొదటి నుండే కలుపుకోవాలి.

ఏమి చదవాలి?

జి.ఎన్.ఎం. చేసినవారు రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తి చేస్తే పైచదువులకు దారి తెరుచుకుంటుంది. ఆ తరువాత ప్రజారోగ్యంలో గాని, ఆసుపత్రి నిర్వహణలో గాని చేరవచ్చు. పి.ఎం.పి. పరీక్షకు 35 గంటల శిక్షణ, ప్రాజెక్టులు నడిపిన అనుభవం రెండూ కావాలి కనుక అది తరువాతి మెట్టు. వీటన్నిటికన్నా ముందు కంప్యూటర్‌లో ఎక్సెల్, స్పష్టంగా ఒక పేజీ నివేదిక రాయడం నేర్చుకోండి.

కష్టాలు కూడా తెలుసుకోండి

ఈ ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టువే. నైట్ డ్యూటీ తప్పినా, నెలాఖరు నివేదికలు, ఎండలో ఊళ్ళ ప్రయాణాలు తప్పవు. డాక్టరుగారికి, అకౌంటెంటుకు, సర్పంచికి, దాతకు ఒకే విషయాన్ని నాలుగు విధాలుగా చెప్పే ఓర్పు కావాలి. ఇంట్లోవారితో మాట్లాడుకుని నిర్ణయించుకోండి.

ఇష్టమున్నవారు ఉద్యోగం మానకుండానే మొదలు పెట్టవచ్చు. మీ వార్డులో బెడ్‌సోర్లు ఎన్ని ఉన్నాయో ఈ నెల లెక్కించండి. మూడు నెలల ప్రణాళిక ఒక పేజీలో రాసి ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు చూపించండి. గంట గంటకు కాకపోయినా, వేళ తప్పకుండా రోగిని పక్కకు తిప్పే పట్టీ పెట్టి, నాలుగవ నెల మళ్ళీ లెక్కించండి. ఎవరి అనుమతి పత్రం, ఏ దాత నిధులు లేకుండా మీరు నడిపిన మొదటి ప్రాజెక్టు అదే అవుతుంది.