గాజు వాన గ్రహం: నా పాత వీడియోలో నేను మింగేసిన ఒక్క పదం

ఈరోజు కొత్త టాపిక్ కాదు, నా పాత వీడియోకే కరెక్షన్. "గాజు వాన కురిసే నీలి గ్రహం" అని ఒక ఎపిసోడ్ చేశాను, గుర్తుందా? థంబ్‌నెయిల్‌లో ముదురు నీలం గోళం, అడ్డంగా దూసుకొచ్చే గాజు పెంకులు. మా అక్క కొడుకు ఆరో తరగతి. వాడు అది చూసి ఒకటే అడిగాడు: "మామయ్యా, ఈ ఫొటో ఎవరు తీశారు?"

ఎవరూ తీయలేదు. అది ఆర్టిస్ట్ వేసిన బొమ్మ. ఆ మాట నేను వీడియోలో ఎక్కడా చెప్పలేదు. అందుకే ఈరోజు కొలిచింది ఏది, ఊహించింది ఏది అని విడదీసి చూద్దాం.

ఆ గ్రహం పేరు హెచ్‌డీ 189733 బీ. మనకి సుమారు 64 కాంతి సంవత్సరాల దూరం. 2005లో కనిపెట్టారు. టెలిస్కోప్‌కి కూడా అది విడిగా కనిపించదు, దాని నక్షత్రం వెలుగు మాత్రమే వస్తుంది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సర్వర్ ముఖం కూడా చూడకుండా, లాగ్స్ చదివి లోపల ఏం జరిగిందో చెప్పేవాళ్లం. ఇదీ అలాంటి పనే.

ప్రతి 2.2 రోజులకోసారి ఈ గ్రహం తన నక్షత్రం ముందు నుంచి వెళ్తుంది. అప్పుడు నక్షత్రం వెలుగు సుమారు 2.4 శాతం తగ్గుతుంది. అంటే గ్రహం వెడల్పు నక్షత్రం వెడల్పులో దాదాపు ఆరో వంతు. లెక్క వేస్తే మన గురుగ్రహం కంటే కాస్త పెద్దది. ఇక బరువు సంగతి. గ్రహం లాగడం వల్ల నక్షత్రం కూడా సెకనుకి సుమారు 200 మీటర్ల వేగంతో అటూ ఇటూ ఊగుతుంది. దాదాపు మన విమానాల స్పీడ్ అన్నమాట! ఆ ఊపు నుంచి బరువు వచ్చింది, అదీ గురుగ్రహం కంటే కొంచెం ఎక్కువే. ఇవి గట్టి కొలతలు, వీటి మీద పేచీ లేదు.

వేడి కూడా కొలిచిందే. భూమికీ సూర్యుడికీ మధ్య 15 కోట్ల కిలోమీటర్లు ఉంటే, ఇక్కడ గ్రహానికీ నక్షత్రానికీ మధ్య 50 లక్షలు కూడా లేదు. స్పిట్జర్ టెలిస్కోప్ దీన్ని ఇన్‌ఫ్రారెడ్‌లో 33 గంటల పాటు చూసింది. 2007లో వచ్చిన ఆ మ్యాప్‌లో పగటి వైపు 940 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రాత్రి వైపు 700 దగ్గర. విచిత్రం ఏంటంటే, అన్నిటికన్నా వేడి చోటు నక్షత్రానికి సరిగ్గా ఎదురుగా లేదు, కాస్త తూర్పుకి జరిగి ఉంది. అంటే గాలి వేడిని ఈడ్చుకుపోతోంది. ఆ గాలి వేగాన్ని 2015లో నక్షత్రం వెలుగులో పడిన గుర్తులు చూసి కొలిచారు: సెకనుకి సుమారు 2 కిలోమీటర్లు.

మరి నీలం రంగు? ఇదీ ఫొటో కాదు. గ్రహం నక్షత్రం వెనక్కి వెళ్లినప్పుడు, అది తిప్పికొట్టే వెలుగు మనకి రాదు కదా. 2013లో హబుల్‌తో చూస్తే నీలం వైపు వెలుగు పదివేలలో సుమారు ఒక వంతు తగ్గింది, ఆకుపచ్చ వైపు తగ్గినట్టు తేలలేదు. అంటే గ్రహం తిప్పికొట్టేది నీలమే. అంత చిన్న తేడా మీద నిలబడిన రంగు అది. థంబ్‌నెయిల్‌లో మెరిసే నీలం, సుడులు తిరిగే మేఘాలు మాత్రం ఆర్టిస్ట్ చేతి పని.

ఇప్పుడు అసలు తప్పుకి వద్దాం. గాజు వానని ఎవరూ కొలవలేదు. గాలిలో సిలికేట్ రేణువులు ఉండొచ్చు, అవి నీలం వెలుగుని చెదరగొడుతూ ఉండొచ్చు అన్నది అంచనా. 2013లో నాసా ప్రకటన "బహుశా" గాజు వాన పడుతుండొచ్చు అనే చెప్పింది. షేర్ మీద షేర్ అయ్యేసరికి ఆ "బహుశా" రాలిపోయింది. నా స్క్రిప్ట్‌లో కూడా. "బహుశా" అంటే క్లిక్స్ రావు అనుకున్నాను, నిజం చెప్పాలంటే.

కథ ఇక్కడితో అయిపోలేదు. 2024లో జేమ్స్ వెబ్ డేటాతో రెండు విషయాలు బయటపడ్డాయి. ఒకటి, అక్కడి గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్, అంటే కుళ్లిన గుడ్డు వాసన వచ్చే గ్యాస్. రెండోది, పగటి వైపు మేఘాల్లో క్వార్ట్జ్ గుర్తు. మన ఇసుకలో ఉండేదే. అంటే గాజు జాతి పదార్థం అక్కడ ఉందనడానికి ఇప్పుడు ఆధారం ఉంది. కానీ ఆ రేణువులు మైక్రాన్‌లో వందో వంతు సైజువి. పెంకులూ కావు, చినుకులూ కావు. నన్నడిగితే వాన అనడం కన్నా గాల్లో తేలే సన్నటి ఇసుక దుమ్ము అనడం నయం.

ఇదంతా మావాడికి చెప్పాను. "అయితే అసలు గ్రహాన్ని చూడలేమా?" అన్నాడు. గ్రహాన్ని చూడలేం రా, దాని నక్షత్రాన్ని చూడొచ్చు. అక్టోబర్ మొదట్లో చీకటి పడ్డాక మన దగ్గర దాదాపు నడినెత్తిన ఉంటుంది. ఊళ్లో డాబా మీద, లైట్లు లేని చోట, బైనాక్యులర్స్ చాలు. దసరా సెలవులకి వస్తానన్నాడు.

పాత వీడియో డిలీట్ చేయలేదు. డిస్క్రిప్షన్‌లో మొదటి లైన్ మాత్రం మార్చాను: "ఇది ఊహాచిత్రం." ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.