వాతావరణం ఒక మాట, శీతోష్ణస్థితి మరొక మాట

తమిళంలో నేటి ఎండవానలను ‘వానిలై’ అంటారు. ఏళ్ల తరబడి స్థిరపడిన ఎండవానల తీరును ‘కాలనిలై’ అంటారు. తెలుగులో ఈ రెండింటికీ, భూమిని ఆవరించిన గాలికి సైతం, ‘వాతావరణం’ అనే ఒక్క మాటనే వాడుతున్నాము. ‘శీతోష్ణస్థితి’ అనే పదం ఉన్నది గాని, అది బడి గడప దాటి రాలేదు. పరదరామి, గుడియాత్తం ప్రాంతాల తెలుగువారికి రెండు భాషలూ పరిచితమే కనుక ఈ తేడా సులభంగానే బోధపడుతుంది.

దీనిని విస్మరించినప్పుడే, “రాయవేలూరులో ఎండలు ఎప్పుడు లేవు? కత్తిరి ఎండలు మన తాతలూ చూశారు” అనే వాదం పుడుతుంది. ఆ మాట అబద్ధం కాదు. 1903 నవంబరులో పాలారు పొంగి వాణియంబాడిలో ఎందరో మరణించారు. నాడు ఇన్ని మోటారు వాహనాలు ఎక్కడివని అడిగేవారున్నారు. ప్రశ్న సమంజసమే. పూర్వం వరదలు రాలేదని శాస్త్రజ్ఞులు అనలేదు. ఒక వరద వానిలై. వరదలు ఎంత తరచుగా, ఎంత ఉధృతంగా వస్తున్నవన్నది కాలనిలై. గాలి ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం అధికంగా నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. కనుక కురిస్తే కుండపోతగా కురుస్తుంది. కురవని దినాలలో ఆ వేడే నేలలోని తేమను పీల్చివేస్తుంది. ఒకే తాలూకాలో ఒక ఏడు కరవు, మరొక ఏడు వరద రావడంలో వైరుధ్యమేమీ లేదు.

ఇది సూర్యుని ప్రభావమే అయితే గాలి పైపొరలు సైతం వేడెక్కాలి, అవి చల్లబడుతున్నాయి. పారిశ్రామిక యుగానికి పూర్వం గాలిలో పదిలక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లు ఉన్న బొగ్గుపులుసు వాయువు నేడు 420 దాటింది. బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించడమే దీనికి ప్రధాన కారణం.

అయితే శాస్త్రాన్ని కాదనేవారి కంటె నదిని కాదనేవారే మన ప్రాంతంలో అధికం. పాలారును నీరులేని నది అనడం మనకు అలవాటు. ఇసుక మాత్రమే కనబడే చోట ఇల్లు కట్టుకొనడానికి ఆ అలవాటే ధైర్యమిచ్చింది. పేదవానికి వేరొక చోటు దొరకకపోవడం మరొక కారణం. దానిని మరచి వారిని నిందించడం న్యాయం కాదు. 2021 నవంబరులో మోర్ధానా ఆనకట్ట నిండి పొర్లగా, కౌండిన్య నది గుడియాత్తంలో ఒడ్డునున్న ఇళ్లలోకి వచ్చింది. ఆ నెల 19న పేర్ణాంబట్టులో వానకు ఇల్లు కూలి తొమ్మిదిమంది మరణించారు. వారిలో నలుగురు పిల్లలు. ఆ వాన కేవలం భూతాపం వల్లనే కురిసిందని చెప్పలేము. అటువంటి వానలకు అవకాశం పెరుగుతున్నదని చెప్పగలము.

మోర్ధానా పొర్లుతున్నదని చాటింపు వినబడినప్పుడు, మీ వీధిలో చినుకు లేకున్నా, నది పొడిగా ఉన్నా, ఒడ్డును విడిచి మెట్టకు చేరండి. ఆ నీరు ఎగువన, ఆంధ్ర సరిహద్దు కొండలలో కురిసినది. జిల్లా విపత్తు సహాయానికి 1077 నంబరుకు ఫోను చేయవచ్చు.