ముద్దను రెండుగా కోసి కొన్న ఉక్కు

బక్రీద్ దగ్గరపడితే జల్‌పల్లి, షాహీన్‌నగర్, పహాడీషరీఫ్ వీధుల్లో సాన చక్రాలకు తీరిక ఉండదు. ఇంటింటి నుంచి కత్తులు వస్తుంటాయి, రాయి తిరుగుతుంటుంది, రవ్వలు లేస్తుంటాయి. ఆ రవ్వలు చదవడం తెలిసినవాడికి కత్తి గుణం అక్కడికక్కడే తెలుస్తుంది. కార్బన్ తక్కువున్న ఇనుమైతే రవ్వలు పొడుగ్గా, నిటారుగా సాగిపోతాయి. కార్బన్ బాగా ఉన్న ఉక్కయితే ప్రతి రవ్వా చివర చీలి, కొమ్మలు వేసి ఆరిపోతుంది. లారీ కమాన్ పట్టీని కొలిమిలో సాగగొట్టి చేసిన కత్తికీ, మెత్తని రేకును కోసి మెరుగుపెట్టిన కత్తికీ తేడా అలా రాతి మీద బయటపడుతుంది.

కొట్లో కొనేవాడికి రవ్వలు కనిపించవు. అతనికి కనిపించేవి మెరుపు, పిడి, లోహం మీద చెక్కిన పేరు. లోపలున్న లోహమేమిటో, దాన్ని ఎంత వేడికి కాచారో, ఎలా చల్లార్చారో పైకి తెలియదు. అందుకే కత్తి చరిత్రంతా ఒక రకంగా నమ్మకం చరిత్ర. ఎవరి దగ్గర కొనాలి, వాళ్ళను ఎందుకు నమ్మాలి అన్న ప్రశ్న ఫ్రాన్సు మడతచాకుల విషయంలో ఈమధ్య దాకా కోర్టుల్లో నలిగింది. మన తెలంగాణలో దానికి రెండొందల ఏళ్ళ కిందటే ఒక జవాబు ఉండేది, అదీ చాలా గట్టి జవాబు.

జల్‌పల్లికి ఆనుకునే బార్కస్ ఉంది. నిజాం కొలువులో సిపాయిలుగా చేరిన హద్రమౌత్ అరబ్బుల వారసులు ఉండే చోటు. ఆ సిపాయిల నడుముకు జంబియా అనే వంకీ బాకు ఉండేది. వాళ్ళు అరేబియా నుంచి దక్కనుకు రాక ముందే దక్కను ఉక్కు అటువైపు వెళ్ళింది. పదిహేడో శతాబ్దిలో ఆరుసార్లు తూర్పు దేశాలు తిరిగిన ఫ్రెంచి నగల వర్తకుడు జాఁ బాప్తీస్త్ తవెర్నియే పర్షియాలో కత్తుల మీద నీటి అలల్లాంటి గీతలు చూశాడు. అలా గీతలు తేలే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి వస్తుందని రాశాడు. అది చిన్న రొట్టె పాటి ముద్దల్లో అమ్ముడుపోయేదట. కొనేవాళ్ళు మంచిదో కాదో తెలుసుకోవడానికి ముద్దను నడిమికి కోసి చూసేవారట. ఒక్కో సగం ఒక్కో కత్తికి సరిపోయేది.

ఆ కోతలో చాలా అర్థం ఉంది. మూసలో, అంటే ఉక్కు కాచే మట్టిపాత్రలో, ఇనుము పూర్తిగా కరగకపోతే ముద్ద లోపల మెత్తని ఇనుము పలుకులుగా మిగిలిపోతుంది. గాలి చిక్కుకుంటే బొక్కలు పడతాయి. కార్బన్ మరీ ఎక్కువైతే పోత ఇనుములా పెళుసుగా తయారై సుత్తి దెబ్బకు పగులుతుంది. పైన నున్నగా ఉన్న ముద్ద ఈ మూడు లోపాలనూ దాచగలదు. కోసిన ముఖం దాచలేదు.

ఆ ముద్దలు తయారైన ఊళ్ళలో పేరున్నది నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం. ట్రిగొనొమెట్రికల్ సర్వేలో వైద్యుడిగా, భూగర్భశాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వోయ్‌జీ అక్కడి కొలిములను కళ్ళారా చూసి రాసుకున్నాడు. 1824లో ఆయన పోయాక, 1832లో ఆ రాత కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మెట్‌పల్లి వైపు నుంచి వచ్చే ఇనుమూ, కొండాపూర్ ఇనుమూ రెండూ తూచి కలిపి, ముక్కలు చేసి మట్టి మూసల్లో వేసేవారు. తోలు తిత్తులతో ఊదుతూ ఒక రాత్రీ పగలూ ఆపకుండా కాచేవారు. చల్లారాక మూసను పగలగొడితే ఏడొందల గ్రాముల దాకా తూగే ఉక్కు ముద్ద బయటపడేది. అప్పటికది సుత్తికి లొంగనంత గట్టిగా ఉండేది. దానికి మట్టి పూసి మళ్ళీ గంటల తరబడి కాచి చల్లార్చేవారు. మెత్తబడకపోతే మూడోసారి, నాలుగోసారి.

ఇక్కడ మూస గురించి కొంచెం ఆగాలి. స్వచ్ఛమైన ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కార్బన్ చేరినకొద్దీ ఆ అంకె తగ్గుతుంది, అయినా ఉక్కు పూర్తిగా ద్రవం కావాలంటే పద్నాలుగు వందల డిగ్రీలు దాటాల్సిందే. ఆ వేడిలో మామూలు మట్టికుండ కూలిపోతుంది. కోనసముద్రం కమ్మరులు మట్టిలో వరి ఊక కలిపారు. కాలిన ఊక రెండు వస్తువుల్ని మిగులుస్తుంది: సిలికా, నల్లని బొగ్గు. ఆ రెండూ మట్టిని లోపల నుంచి పట్టి నిలబెడతాయి. అక్కడ దొరికిన మూసల పెంకులను పరిశీలించిన పరిశోధకురాలు థెల్మా లోవ్ ఈ సంగతిని విడమరిచి చూపించింది. వడ్లు దంచాక పారబోసే ఊకతో ఆ కాలంలో ప్రపంచంలోకెల్లా మేలైన కొలిమి పాత్రల్లో ఒకదాన్ని చేశారు మనవాళ్ళు. దీన్ని మన బడి పుస్తకాల్లో పెద్ద అక్షరాలతో రాయాలి.

వోయ్‌జీ రాతలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది కొలిమి కాదు, కొలిమి పక్కన కూర్చున్న మనిషి. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు వోయ్‌జీకి కోనసముద్రంలోనే కలిశాడు. ఉక్కు కొనడానికి అంత దూరం నుంచి వచ్చి ఊళ్ళో మకాం పెట్టాడు. పర్షియా వర్తకులు రేవులో మూట విప్పి బేరమాడేవాళ్ళు కాదు. ఇనుము తూచేటప్పుడు దగ్గరుండేవారు, మూసలు కొలిమికెక్కడం చూసేవారు, పరీక్షకు సాక్షులుగా నిలబడేవారు. తమ దేశంలో ఇలాంటి ఉక్కు చేయబోయి కుదరలేదని వాళ్ళే ఒప్పుకున్నారు. మంచి తయారీదారుణ్ణి ఎంచుకోవడానికి ఇంతకన్నా నిక్కచ్చి పద్ధతి నాకు తెలియదు. పేరు కాదు, ముద్ర కాదు. పని జరుగుతుండగా చూడటం, తయారైనదాన్ని కోసి చూడటం.

కానీ ఆ పద్ధతిలో ఒక నష్టం దాగి ఉంది, అది మనకే తగిలింది. ముద్ద మీద కోనసముద్రం కమ్మరి ముద్ర ఉండదు. కత్తి అయ్యాక దాని మీద పర్షియా పనివాడి పేరు పడుతుంది. యూరపు చేరేసరికి అది ‘డమాస్కస్’ ఉక్కు అయిపోతుంది. లోహం ఒక ఊరిది, కీర్తి ఇంకో ఊరిది.

1794లో బొంబాయి నుంచి ఇలాంటి భారతీయ ఉక్కు నమూనాలు లండన్ రాయల్ సొసైటీకి వెళ్ళాయి. జార్జ్ పియర్సన్ వాటిని పరీక్షించి 1795లో వ్యాసం రాశాడు. ఆ పరీక్షల్లో భాగంగా జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు ఆ ఉక్కుతో ఒక కలంచాకు చేసి ఇచ్చాడు. స్టోడార్ట్ శస్త్రచికిత్స పరికరాలు, మంగలి కత్తులు చేసేవాడు. తన దుకాణం కార్డు మీదే తాను వాడేది భారతీయ ఉక్కు అని అచ్చు వేయించుకున్నాడు. తన లోహం ఎక్కడిదో తానే చెప్పుకున్న తయారీదారు! తర్వాత ఇతనితో కలిసే మైకేల్ ఫారడే, అంటే విద్యుత్ పరిశోధనలతో జగత్ప్రసిద్ధుడైన ఆ ఫారడేయే, ఉక్కు మిశ్రమాల మీద ఏళ్ళపాటు పనిచేశాడు. ఫారడే తండ్రి కమ్మరి. పారిస్ టంకశాలలో ప్రయోగాలు చేసిన జాఁ రోబేర్ బ్రెయాన్ 1820లలో అసలు కిటుకు దగ్గరికి వచ్చాడు. గీతలకు మూలం కార్బన్ ఎక్కువగా ఉండటమేనని గుర్తించాడు.

పూర్తి జవాబు దొరకడానికి ఇరవయ్యో శతాబ్ది చివరిదాకా పట్టింది. ఈ ఉక్కులో కార్బన్ దాదాపు ఒకటిన్నర శాతం. మామూలు కత్తి ఉక్కుకు ఇది రెట్టింపు పైనే. తెల్లగా కాచి కొడితే ముక్కలైపోతుంది, ఎర్రటి వేడిలోనే ఓపికగా సాగగొట్టాలి. యూరపు కమ్మరులు చాలామంది ఓడిపోయింది ఇక్కడే. అయోవా లోహశాస్త్రజ్ఞుడు జాన్ వెర్హోవెన్, కమ్మరి ఆల్‌ఫ్రెడ్ పెండ్రే కలిసి 1990లలో గీతల రహస్యాన్ని విప్పారు. ఖనిజంలోంచి వచ్చే వెనేడియంలాంటి మూలకాలు వందో వంతు శాతం కూడా లేకపోయినా, కొలిమిలో మళ్ళీ మళ్ళీ కాచి కొడుతుంటే గట్టి కార్బైడు రేణువుల్ని వరసల్లో కూడేలా చేస్తాయి. ఖనిజం మారితే గీతలు రావు. కోనసముద్రం వాళ్ళు ఫలానా చోటి ఇనుమే కావాలని పట్టుబట్టడం వెనుక ఇలాంటి అనుభవమే ఉండి ఉంటుంది.

ఉక్కును చవకగా చేసే బెసెమర్ పద్ధతి 1856లో వచ్చింది. చవక విదేశీ ఉక్కు ముందు మూస ఉక్కు నిలబడలేకపోయింది. కొలిములు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

ఆ కాలంలోనే ఫ్రాన్సులో మడతచాకు ఎదిగింది. మడతచాకు కొత్తది కాదు, రోమన్ల దగ్గరా ఉండేది. పల్లెటూరి ఫ్రెంచివాడి జేబులోకి చేరిన కథ మాత్రం పందొమ్మిదో శతాబ్దిదే. అవెరోన్ ప్రాంతంలో, ఓబ్రాక్ పీఠభూమి మీద పశువుల మేపుకు పేరుపడ్డ ఊరు లాయోల్. పియేర్ జాఁ కాల్మెల్ అక్కడ 1829 ప్రాంతంలో లాయోల్ చాకుకు రూపమిచ్చాడని చెబుతారు. చలికాలంలో కూలికి స్పెయిన్ వెళ్ళొచ్చేవాళ్ళు తెచ్చిన నవాహా మడతకత్తి ఛాయలు దీంట్లో ఉన్నాయి. 1840 ప్రాంతంలో దీనికి ఆరె చేరింది. పచ్చిగడ్డి ఎక్కువ మేసి కడుపుబ్బిన ఆవు ప్రాణం పోకుండా పొట్టలో చిన్న రంధ్రం పొడిచి గాలి వదలడానికి కాపరులకు అది అక్కరకొచ్చేది. 1880 ప్రాంతంలో సీసా బిరడా తీసే మర చేరింది. ఆ ప్రాంతంవాళ్ళు బతుకుతెరువుకు పారిస్ వెళ్ళి కాఫీ హోటళ్ళలో కుదురుకున్న కాలమది.

లోపలి యంత్రం చాలా చిన్నది. పిడి వెన్నులో ఒక ఉక్కు స్ప్రింగు, దాని కొస కత్తి మడమను నొక్కుతుంటుంది. తెరిచినప్పుడు మడమ మీది గంటులో స్ప్రింగు కూర్చుంటుంది, కాస్త బలం పెడితేగాని మూతపడదు. గంటు, స్ప్రింగు, ఇరుసు మేకు ఈ మూడూ వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి. కుదరకపోతే కత్తి ఒక పక్కకు వాలి పిడి రేకుకు రాసుకుంటుంది, లేదా మూసేటప్పుడు అంచు స్ప్రింగుకు తగిలి మొద్దుబారుతుంది.

ఇంతలో పని ఊరు దాటింది. తియేర్ పట్టణంలో డ్యూరోల్ నది నీటితో సాన రాళ్ళు తిరిగేవి. పనివాళ్ళు పలకల మీద బోర్లా పడుకుని, రాయి మీదికి వంగి కత్తులు పట్టేవారు. ఆ తేమ చలికి తట్టుకోలేక కాళ్ళ మీద కుక్కను పడుకోబెట్టుకునేవారు. లాయోల్ చాకుల తయారీ క్రమంగా తియేరుకే తరలిపోయింది. 1987లో సొంత ఊళ్ళో మళ్ళీ ఫోర్జ్ ద లాయోల్ కర్మాగారం మొదలైంది. ఫిలిప్ స్టార్క్ గీసిన ఆ భవనం కప్పులోంచి 18 మీటర్ల కత్తి ఆకాశంలోకి లేచి ఉంటుంది.

లాయోల్ అన్న పేరు మాత్రం ఎవరి సొత్తూ కాలేదు. ఊరికి సంబంధంలేని ఒక వ్యాపారి 1993లో దాన్ని రకరకాల సరుకులకు ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకున్నాడు. ఆసియాలో తయారైన చాకుల మీద కూడా ఆ పేరు, లాయోల్ చాకు స్ప్రింగు మీద ఉండే తేనెటీగ బొమ్మ కనిపించాయి. 2012లో ఊరివాళ్ళు నిరసనగా తమ ఊరి పేరు బోర్డునే పీకేశారు. 2019లో పారిస్ అప్పీలు కోర్టు ఆ వ్యాపారి నమోదుల్లో చాలావాటిని రద్దు చేసింది. ఫ్రాన్సులో చేతివృత్తుల సరుకుకు ఊరిపేరు రక్షణ కల్పించే చట్టం వచ్చింది 2014లోనే. మన భౌగోళిక గుర్తింపు చట్టం 2003 నుంచే అమల్లో ఉంది, పోచంపల్లి చీరకు దాని కింద రక్షణ దొరికింది. కోనసముద్రం ఉక్కు బతికి ఉంటే ఈ రక్షణకు దాని కన్నా తగినది ఉండేది కాదు.

సవోయ్ కొండల్లోని ఒపినెల్ దారి వేరు. జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన చాకుకు బీచ్ చెక్క పిడి, సన్నని కత్తి, ఒక్క ఇరుసు, అంతే. 1909లో కిరీటం పెట్టిన చేతిని ముద్రగా నమోదు చేశారు. తెరిచిన కత్తి వేళ్ళ మీద మూతపడకుండా 1955లో తిరిగే ఉంగరం చేర్చారు. ఒకే కుటుంబం, ఒకే ముద్ర కావడంతో కొనేవాడికి అయోమయం లేదు. తక్కువ ధరలో నికార్సయిన ఫ్రెంచి చాకు కావాలంటే నేను మొదట చెప్పేది దీన్నే.

లాయోలే కావాలంటే ఆ ఒక్క పేరును లెక్కలోకి తీసుకోవద్దు. దాని పక్కన తయారీదారు పేరు ఉందా చూడాలి: ఫోర్జ్ ద లాయోల్, హోనోరే డ్యురాఁ, లేదా తియేరులోని ఫోంతెనీ పతో లాంటివి. తియేరులో తయారైందని తక్కువగా చూడనక్కర్లేదు, అక్కడి పనితనం శతాబ్దాలది. తర్వాత ఉక్కు రకం. మంచి తయారీదారు దాన్ని దాచడు. స్వీడన్ 12సీ27 అయితే కార్బన్ 0.6 శాతం, క్రోమియం 13 శాతం పైన, తేలిగ్గా తుప్పు పట్టదు. కార్బన్ ఉక్కయితే పదును తేలిగ్గా వస్తుంది, కానీ నిమ్మకాయో చింతపండో కోసి తుడవకపోతే నల్లబడుతుంది. మన వంటింటికి ఇది ఆలోచించాల్సిన విషయమే. తేనెటీగ స్ప్రింగుతో కలిపి ఒకే ఉక్కులో కొట్టిందా, విడిగా చేసి అతికించిందా గమనించాలి. వెన్ను వైపు చూపుడు వేలు పోనిస్తే పిడికీ స్ప్రింగుకూ మధ్య అతుకు తగలకూడదు. మూసి వెలుగుకు ఎదురుగా పడితే కత్తి రెండు రేకుల నడుమ సరిగ్గా మధ్యలో ఉండాలి. తెరిచి పక్కలకు ఊపితే కదలకూడదు.

కొనే ముందు అమ్మేవాణ్ణి మూడు ప్రశ్నలు అడగవచ్చు. ఏ పనిశాలలో చేశారు? ఏ ఉక్కు? స్ప్రింగు విరిగితే ఎవరు బాగుచేస్తారు? పేరున్న పనిశాలలు పాత చాకుల్ని తిరిగి తీసుకుని సాన పట్టి, ఇరుసు బిగించి పంపుతాయి. మొదటి ప్రశ్నకు ‘ఫ్రాన్సు’ అన్న ఒక్క మాటే జవాబుగా వస్తే, ఆ చాకును అక్కడే పెట్టేసి రావచ్చు.