టికెట్టు మీద ఒక్క అక్షరం

పీలేరు, రాయచోటి, రాజంపేట చుట్టుపక్కల పల్లెల నుంచి కువైట్‌కు పనికి పోయిన మనిషి రెండు మూడేళ్లకోసారి ఇంటికొస్తాడు. రేణిగుంటలో విమానాశ్రయం ఉన్నా ఆయన దిగేది చెన్నైలోనో బెంగళూరులోనో. చెన్నై నుంచి కువైట్‌కు ఆకాశమార్గాన సుమారు 2,350 మైళ్లు, వచ్చిపోతే 4,700. పదేళ్లలో నాలుగుసార్లు వచ్చిపోయాడంటే దాదాపు 19,000 మైళ్లు ఎగిరినట్టు. అయినా విమాన సంస్థ దగ్గర ఆయన పేరిట ఖాతా ఉంటే, అందులో జమయ్యే పాయింట్లు చాలా కొద్ది. కొన్ని టికెట్లకైతే ఏమీ జమకాదు. అదే విమానంలో, ఆయన పక్క సీట్లోనే కూర్చుని, కంపెనీ కొనిచ్చిన టికెట్టుతో వెళ్తున్న మరొకరికి అదే ప్రయాణానికి నాలుగైదు రెట్లు పాయింట్లు పడొచ్చు. ఇద్దరూ ఎగిరిన దూరం ఒక్కటే, తిన్న భోజనం ఒక్కటే, కాళ్లు ముడుచుకున్న చోటూ అంతే. తేడా అంతా టికెట్టు మీద ఓ మూల అచ్చైన ఒక ఇంగ్లీషు అక్షరంలో ఉంది. మన ప్రాంతం నుంచి సొంత డబ్బుతో, ఎప్పుడో ఒకసారి, దూరం ప్రయాణించే వాళ్లకు ఆ అక్షరం అర్థం కావాలి. అది తెలిస్తే పాయింట్ల కోసం టికెట్టు ఎంచుకోవడం ఎందుకు నష్టమో కూడా తెలుస్తుంది.

ఎకానమీ అంటే ఒకటే తరగతి అని మనం అనుకుంటాం. కూర్చునేటప్పుడు అది నిజమే, కొనేటప్పుడు కాదు. ఒక విమానంలో 180 ఎకానమీ సీట్లుంటే, సంస్థ వాటిని ధరను బట్టి పది పన్నెండు అరలుగా విడగొడుతుంది. ఒక్కో అరకు ఒక్కో అక్షరం. చాలా సంస్థల్లో 'వై' అంటే పూర్తి ధర ఎకానమీ, 'బి', 'ఎం' దానికి కాస్త దిగువన. 'క్యూ', 'టి', 'ఎల్' లాంటివి తగ్గింపు ధరలవి. ఏ అక్షరానికి ఏ స్థానమన్నది సంస్థను బట్టి మారుతుంది. చవక అరలో సీట్లు అయిపోతే పై అర తెరుచుకుంటుంది. నిన్న చూసిన రేటు ఈరోజు లేదని మనం విసుక్కునేది అందుకే. చిత్తూరు జిల్లా మామిడి రైతుకు ఇది కొత్తగా తోచకపోవచ్చు. మండీలో తోతాపురి కాయ అదే అయినా పొద్దుటి రేటు వేరు, సాయంత్రం రేటు వేరు. కాకపోతే మండీలో రేటును నిర్ణయించేది అప్పటికి దిగిన సరుకు. విమానంలో నిర్ణయించేది ముందుముందు ఎవరు వస్తారన్న అంచనా. ఆఖరి రోజుల్లో, ఎంతైనా ఇచ్చి వెళ్లి తీరాల్సినవాడు వస్తాడని సంస్థకు తెలుసు. అతని కోసం సీట్లు దాచిపెట్టి, ముందుగా ప్రణాళిక వేసుకునేవాళ్లకు మిగతావి చవకగా అమ్ముతుంది. 1978లో అమెరికా విమాన ఛార్జీలపై ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశాక, అమెరికన్ ఎయిర్‌లైన్స్ లాంటి సంస్థలు కంప్యూటర్లతో ఈ పద్ధతికి పదును పెట్టాయి. దాన్నే ఇప్పుడు ప్రపంచమంతా పాటిస్తోంది.

పాయింట్ల పథకమూ ఆ కాలంలోదే. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఏఏడ్వాంటేజ్ పథకాన్ని మొదలుపెట్టింది. అప్పట్లో లెక్క సులువు: ఎన్ని మైళ్లు ఎగిరితే అన్ని మైళ్లు ఖాతాలో. 'ఫ్రీక్వెంట్ ఫ్లయర్ మైల్స్' అన్న పేరు అలా నిలిచిపోయింది. కానీ చవక టికెట్టుతో దూరం వెళ్లినవాడికి, ఖరీదైన టికెట్టుతో దగ్గరికి వెళ్లినవాడికంటే ఎక్కువ మైళ్లు రావడం సంస్థలకు గిట్టలేదు. అందుకని అక్షరాన్ని బట్టి శాతాలు పెట్టాయి. పూర్తి ధర టికెట్టుకు దూరానికి నూరు శాతం లేదా అంతకు మించి, తగ్గింపు టికెట్టుకు సగమో పావో, అట్టడుగు టికెట్టుకు సున్నా. ఆ తర్వాత దూరాన్నే పక్కన పెట్టేశాయి. 2015లో డెల్టా, యునైటెడ్, 2016లో అమెరికన్ ఎయిర్‌లైన్స్, ప్రయాణికుడు ఖర్చుపెట్టిన డాలర్లను బట్టి పాయింట్లివ్వడం మొదలుపెట్టాయి. డెల్టా, యునైటెడ్‌లలో అప్పుడు సాధారణ సభ్యుడికి డాలరుకు 5 మైళ్లు, పైహోదా సభ్యుడికి 11. ఒకే ధర చెల్లించిన ఇద్దరి మధ్య కూడా రెట్టింపుకు మించిన తేడా అన్నమాట. మన దేశంలో విస్తారా మొదటినుంచీ రూపాయల లెక్కే పాటించింది. ఎయిరిండియా తన ఫ్లయింగ్ రిటర్న్స్ పథకాన్ని 2024 ఏప్రిల్‌లో ఖర్చు లెక్కకు మార్చింది, మరుసటి ఏడాది దానికి మహారాజా క్లబ్ అని పేరు పెట్టింది. చవక విమానాల సంస్థగా పెరిగిన ఇండిగో కూడా 2024లో బ్లూచిప్ పేరుతో పథకం తెచ్చింది.

ఇక్కడ రెండు వేర్వేరు ఖాతాలున్నాయని గుర్తుంచుకోవాలి. మొదటిది పాయింట్ల ఖాతా. కూడబెట్టి టికెట్టు కొనుక్కోవచ్చు. రెండోది హోదా ఖాతా; వెండి, బంగారం, ప్లాటినం అని మెట్లు. అదనపు సామాను, లాంజ్, ముందు వరస చెక్‌ఇన్ దీంతో వస్తాయి. మొదటి ఖాతాను కొన్నేళ్లపాటు నింపుకోవచ్చు. రెండోదానికి గడువు సాధారణంగా ఒక్క ఏడాదే. ఆ ఏడాదిలో మెట్టు అందుకోకపోతే మళ్లీ మొదటికొస్తాం. సొంత డబ్బుతో వెళ్లే మనవాళ్లు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. రేణిగుంట నుంచి హైదరాబాదుకు ఆకాశమార్గాన సుమారు 260 మైళ్లు. అమెరికా సంస్థల్లో చాలాకాలం తొలి హోదా మెట్టు ఏడాదికి 25,000 మైళ్లు. మైలుకు మైలు లెక్కేస్తే రేణిగుంట, హైదరాబాదుల మధ్య ఏడాదిలో 97 సార్లు ఎగరాలి. ఏడాదికోసారి కూతురి దగ్గరికి అమెరికా వెళ్లొచ్చే తిరుపతి దంపతులు మైళ్లలో ఆ మెట్టుకు చేరువగా రావచ్చు. కానీ పిల్లలు ఆరు నెలల ముందే వెతికి కొన్న చవక అక్షరం వాళ్లను మళ్లీ కిందికి లాగుతుంది.

ఖర్చు లెక్క వచ్చాక అక్షరంతో పనేముందని ఎవరైనా అడగొచ్చు. పని ఉంది. ఒకటి, ఖర్చు లెక్కలో అక్షరమే ధర. పైగా పన్నులు, విమానాశ్రయ రుసుములు తీసేసి మిగిలినదాని మీదే సాధారణంగా పాయింట్లు కడతారు. చవక టికెట్టులో ఆ పన్నులూ రుసుముల వాటా ఎక్కువ కాబట్టి, లెక్కకొచ్చే మొత్తం మనం కట్టినదానికంటే బాగా తగ్గిపోతుంది. రెండు, భాగస్వామి సంస్థల విమానాల్లో ఇప్పటికీ దూరం, అక్షరం పద్ధతే ఎక్కువగా నడుస్తోంది. ఎయిరిండియా 2014 జులై 11న స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో చేరింది కనుక, చెన్నై నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు అదే కూటమిలోని లుఫ్తాన్సాలో వెళ్లి, పాయింట్లు ఎయిరిండియా ఖాతాలో వేయించుకోవచ్చు. ఆ దూరం సుమారు 4,700 మైళ్లు. టికెట్టు అక్షరానికి నూరు శాతం ఉంటే 4,700. పావు వంతే, అంటే నూటికి ఇరవై అయిదే ఉంటే, 1,175. జాబితాలో ఆ అక్షరం లేకపోతే సున్నా. అదే అక్షరానికి ఒక పథకంలో సగం, మరో పథకంలో ఏమీ లేకపోవడమూ మామూలే. మూడు, ట్రావెల్ ఏజెంట్ల దగ్గర దొరికే గ్రూపు టికెట్లకు చాలా పథకాల్లో పాయింట్లే ఉండవు. ఊరంతా కలిసి యాత్రకు పోయే వాళ్లు ఇది ముందే అడిగి తెలుసుకోవాలి.

తక్కువ ధర ఇచ్చినవాడికి తక్కువ పాయింట్లు, ఇందులో అన్యాయమేముందన్నది గట్టి ప్రశ్న. ధర విషయంలో అన్యాయమేమీ లేదనే నేనూ ఒప్పుకుంటాను. చవక టికెట్టు కొన్నవాడికి రాయితీ ధరలోనే ముట్టింది. దానిమీద మళ్లీ పాయింట్లు ఆశించడం రెండోసారి అడగడమే. నా అభ్యంతరం ఆ పథకాన్ని విధేయతకు కానుకగా చెప్పడం మీద. పదేళ్లుగా ఒకే సంస్థలో కువైట్‌కు తిరిగిన కూలీకి మించిన విధేయుడు ఎవరు? నిజానికి ఈ పథకం గురిపెట్టేది టికెట్టు డబ్బు తన జేబులోంచి పెట్టనివాడి మీద. అతనికి ధర పట్టదు, కంపెనీ కడుతుంది. పాయింట్లు మాత్రం అతని సొంత ఖాతాకు వస్తాయి. ఏ సంస్థ టికెట్టు కొనాలన్నది అతని చేతిలో ఉంటుంది కనుక సంస్థ అతన్ని మచ్చిక చేసుకుంటుంది. ఆ వలను మనకోసం అల్లలేదు. అందులో చిక్కుకోవడం మనకు అవసరం లేదు.

ఉచితంగా వచ్చే పాయింట్లను వదులుకోవడమెందుకన్నది ఇంకో మాట. వదులుకోనక్కర్లేదు. సభ్యత్వం ఉచితమే; కొనేటప్పుడే సభ్యత్వ సంఖ్య వేయించుకోవాలి, టికెట్టులోని పేరు ఖాతాలోని పేరుతో సరిపోవాలి. మన ఇంటిపేర్లు టికెట్టులో ఒకలా, ఖాతాలో ఒకలా పడి పాయింట్లు నిలిచిపోవడం అరుదు కాదు. బోర్డింగ్ పాస్ పారేయకుండా ఉంచుకుంటే, జమకాని పాయింట్లను గడువులోపు అడిగి వేయించుకోవచ్చు. చేయకూడనిది పాయింట్ల కోసం పై అక్షరం కొనడం. ఉదాహరణకు పై అరలో టికెట్టు 6,000 రూపాయలు ఎక్కువై, 1,500 పాయింట్లు అదనంగా వస్తాయనుకుందాం. పాయింటుకు రూపాయి విలువ కట్టినా 4,500 నష్టం. కానీ పై అక్షరానికి వేరే విలువలున్నాయి, వాటి కోసం కొనడం తెలివైన పనే. కువైట్‌లో యజమాని సెలవు ఎప్పుడిస్తాడో, ఎప్పుడు వెనక్కి తీసుకుంటాడో తెలియని మనిషికి తేదీ మార్చుకోగల టికెట్టు నిజమైన రక్షణ. కూతురి కాన్పుకు అమెరికా వెళ్లే తల్లికి తిరుగు ప్రయాణం ముందే ఎలా తెలుస్తుంది? ఇంటికి తెచ్చే పెట్టెల బరువు గల్ఫ్ ప్రయాణికుడికి ప్రాణం. పై అరలో పది కిలోలు ఎక్కువొస్తే, విమానాశ్రయంలో అదనపు బరువుకు కట్టేదానితో పోల్చి చూసుకోవాలి. ఆ లెక్కలో గెలిస్తే కొనాలి. పాయింట్లు ఆ లెక్కలో ఆఖరి వరస.

కూడబెట్టి దాచుకుందామన్నా, ఈ సొత్తు మన చేతిలో లేదు. కింగ్‌ఫిషర్ 2012లో ఎగరడం మానేసినప్పుడు దాని కింగ్ క్లబ్ పాయింట్లు సంస్థతోపాటే పోయాయి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయినా దాని పాయింట్ల పథకం జెట్ ప్రివిలేజ్ బతికింది, ఇంటర్‌మైల్స్ అయింది. కారణం, అది అప్పటికే వేరే కంపెనీ. దానిలో 50.1 శాతం వాటాను ఎతిహాద్ విమాన సంస్థ 15 కోట్ల డాలర్లకు కొంది. విమానాలు నష్టాల్లో ఉండగా పాయింట్ల పథకానికి అంత ధర పలకడం ఆలోచించాల్సిన విషయం. 2020లో కరోనా దెబ్బకు విమానాలు నేలకు దిగినప్పుడు యునైటెడ్ తన మైలేజ్‌ప్లస్ పథకాన్నే తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. సంస్థలు పాయింట్లను బ్యాంకులకు అమ్ముతాయి, బ్యాంకులు క్రెడిట్ కార్డుల మీద మనకు పంచుతాయి. ఎన్ని పాయింట్లకు ఒక టికెట్టన్నది మాత్రం సంస్థ ఇష్టం. అది పెంచితే మన ఖాతాలోని అంకె మారకుండానే విలువ కరిగిపోతుంది. వచ్చినవి వచ్చినట్టు, పిల్లల చదువుకో పెళ్లికో ప్రయాణం పడినప్పుడు వాడేసుకోవడమే మేలు.

ఒక్కటి మాత్రం ప్రయాణికులు గట్టిగా అడగాల్సింది ఉంది. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు తీసుకుంటే, దానిమీద తేదీ, వేళ, ఎక్కడికి రావాలి అన్నీ ఉంటాయి. డబ్బు కట్టేముందే భక్తుడికి అవన్నీ తెలుసు. విమాన టికెట్టు కొనేటప్పుడు సామాను కిలోలు, రద్దు రుసుము కనిపించేలా రాస్తున్నారు. పాయింట్ల సంగతి మాత్రం, ముఖ్యంగా భాగస్వామి సంస్థ విమానమైతే, వేరే పేజీలోని పట్టికలో అక్షరాన్ని వెతుక్కుంటేగానీ తెలియదు. ఏజెంటు దగ్గర కొన్నవాడికి ఆ అక్షరం కనిపించేది డబ్బు కట్టాకే. ధరలు గంటగంటకూ మారుతాయి కాబట్టి ముందే చెప్పడం కష్టమని సంస్థలు అనొచ్చు. మారిన ధరను ఆ క్షణంలోనే చూపించగల యంత్రానికి, దాని పక్కన 'ఈ టికెట్టుకు ఇన్ని పాయింట్లు' అనో, 'పాయింట్లు లేవు' అనో తెలుగులో ఒక్క ముక్క చూపించడం పెద్ద పని కాదు.