పాత డీజిలు బండిలో ఆయిలు కారుట, టర్బో చెడుట: కారణములు, నివారణ



మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతములలో పలువురు రైతులు పాత బొలేరో, సుమో, స్కార్పియో వంటి డీజిలు బండ్లను కొని వాడుచున్నారు. ఎరువు బస్తాలు తెచ్చుటకు, కూలీలను చేనికి చేర్చుటకు, అర్ధరాత్రి రోగిని ఆసుపత్రికి కొనిపోవుటకు ఆ బండియే ఆధారము. అట్టి బండి క్రింద నల్లని మరకలు పడి, ఎత్తు ఎక్కునపుడు పొగ క్రమ్మగానే, "టర్బో పోయినది, మార్చవలెను" అను మాట వినవచ్చును. వేలకు వేలు పోసి కొత్తది బిగించినను, కొద్ది నెలలకే అదియు చెడుట కలదు. చెడినది టర్బోయే కావచ్చును, కాని దానిని చెరచినది తరచుగా వేరొకటి. ఆ వేరొకదానిని ముందు పట్టుకొననిదే డబ్బు ఖర్చు చేయరాదు.

టర్బో పనిచేయు తీరు

ఇంజనులో మండి వెలువడు వేడి వాయువు సైలెన్సరుకు పోవు దారిలో ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసు రెండవ కొసనున్న చక్రము బయటి గాలిని పీల్చి, ఒత్తిడితో సిలిండర్లలోనికి నెట్టును. గాలి హెచ్చినకొలది ఎక్కువ డీజిలు చక్కగా మండి బలము పెరుగును. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి ఈ ఉపాయమునకు 1905లోనే పేటెంటు కోరెను.

ఈ ఇరుసు నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగగలదు. ఒక ప్రక్క 600 డిగ్రీలు దాటగల వేడి, మరియొక ప్రక్క బయటి గాలి. నడుమ దానిని నిలుపునది పలుచని ఆయిలు పొర మాత్రమే. శుభ్రమైన ఆయిలు సన్నని గొట్టము ద్వారా పైనుండి వచ్చి, లావు గొట్టము ద్వారా తన బరువుతోనే చాంబరులోనికి దిగిపోవలెను. రాక తగ్గినచో ఇరుసు అరుగును. పోక ఆగినచో ఆయిలు ప్రక్కలకు పొంగి, గాలి గొట్టములోనికో సైలెన్సరులోనికో చేరును.

మన ప్రాంతపు కష్టములు

మెట్ట దారుల దుమ్ము, పలకల గనుల దారులందలి రాతిపొడి ఎయిర్ ఫిల్టరును త్వరగా పూడ్చును. ఫిల్టరు తర్వాతి గొట్టము పగిలినచో ఆ పొడి నేరుగా చక్రపు రెక్కలను కొరుకును. దోర్నాల నుండి శ్రీశైలము పోవు దారి, గిద్దలూరు నుండి నంద్యాల పోవు దారి నల్లమల ఘాటులలో సాగును. ఘాటు ఎక్కునంత సేపు టర్బో కాగిపోవును. పైకి చేరిన వెంటనే తాళము త్రిప్పి ఇంజను ఆపినచో, లోపల నిలిచిన ఆయిలు మాడి బొగ్గుగా అంటుకొనును. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఎండ దీనికి తోడు.

కారు చోటు కనుగొనుట

ఇంజను పూర్తిగా చల్లారిన పిదప జిడ్డును కడిగి, గుడ్డతో తుడిచి ఆరనిండు. ఆల్టర్నేటరుకు, గాలి పీల్చు గొట్టమునకు ముందుగా మూత కట్టుడు. అనుమానమున్న అతుకులపై కొంచెము సుద్దపొడి చల్లుడు. పలకల సీమలో సుద్దకు కొదువ లేదు గదా! బెల్టుపై మాత్రము పడనీయకుడు. కొద్ది దూరము నడిపి చూచినచో, ఆయిలు ఊరిన చోట పొడి నల్లబడును. పరుగులో గాలి ఆయిలును వెనుకకు, బరువు క్రిందికి తీసికొనిపోవును. కావున ఎక్కువ తడిసిన చోటు గాక, అన్నిటికంటె పైన, ముందు వైపున తడిసిన చోటు చూడవలెను.

సాధారణముగా కారునవి: టాపెట్ కవరు ప్యాకింగు, చాంబరు ప్యాకింగు, డ్రెయిన్ బోల్టు వాషరు, ఆయిల్ ఫిల్టరు అడుగు, క్రాంకు ముందు వెనుక సీళ్లు. కొన్ని బండ్లలో ఆల్టర్నేటరు వెనుకనుండు వాక్యూం పంపునకు కూడ ఇంజను ఆయిలే అందును. బ్రేకు తొక్కుటకు తోడ్పడునది ఈ పంపే గనుక అక్కడి కారుటను ఒక్క దినమైనను ఉపేక్షింపరాదు. చక్రముల వద్ద పలుచని ద్రవము కారినచో అది బ్రేకు ఆయిలు కావచ్చును. బాగుచేయించు వరకు బండి నడపరాదు.

ప్యాకింగు కారుచున్నదని బోల్టులను బలముగా బిగించినచో కవరు వంగి మరింత కారును. గమ్ము పేస్టు ఎక్కువగా పూసినచో, పొంగిన ముక్కలు ఆయిలు జల్లెడను మూయును. టర్బో ఆయిలు గొట్టముల వద్ద గమ్ము వాడనే రాదు.

టర్బో మార్చుటకు ముందు చేయవలసిన పరీక్షలు

1. బ్రీదర్ గొట్టము: ఇంజను మెల్లగా తిరుగుచుండగా ఆయిలు పోయు మూతను జాగ్రత్తగా సడలింపుడు. ఆవిరి బలముగా తన్నినచో బ్రీదర్ పూడుకొనియుండవచ్చును. దానిని శుభ్రపరచినను తన్నుట తగ్గకున్నచో రింగులు, సిలిండర్లు అరిగినవని అనుమానింపవలెను. ఈ ఒత్తిడి ఉన్నంత వరకు కొత్త టర్బోయు ఆయిలు కక్కును.

2. తిరుగు గొట్టము: టర్బో నుండి చాంబరుకు దిగు గొట్టము నొక్కుకొనినదా, మడ్డితో పూడినదా చూడవలెను.

3. పొగ రంగు: నల్లపొగయు, బలహీనతయు ఉన్నచో ఫిల్టరు పూడినదేమో, గాలి గొట్టము చీలి ఈల వేయుచున్నదేమో చూడుడు. నీలిపొగ ఆయిలు మండుటకు గుర్తు.

4. ఇరుసు: ఇంజను ఆపి, చల్లారిన పిదప గాలి గొట్టము ఊడదీసి చక్రమును వ్రేలితో కదల్చి చూడుడు. ప్రక్కలకు రవ్వంత కదలిక సహజము. ముందు వెనుకలకు కదలిక చేతికి తెలిసినను, రెక్కలు గోడకు రాచుకొనినను, అంచులు విరిగియున్నను టర్బో చెడినదని తెలియవలెను. గొట్టములో పలుచని జిడ్డు మాత్రముండుట దోషము కాదు.

మార్చక తప్పనిచో ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, ఆయిలు తెచ్చు గొట్టము కూడ మార్పింపుడు. గాలి గొట్టములలోను ఇంటర్ కూలరులోను నిలిచిన ఆయిలును కడిగింపుడు. కొత్త టర్బోలో ముందుగా ఆయిలు పోసిన పిదపనే ఇంజను ప్రారంభింపవలెను.

ప్రాణాపాయము

టర్బో నుండి ఆయిలు ధారాళముగా సిలిండర్లలోనికి పోయినచో, ఇంజను ఆ ఆయిలునే మండించుకొని తనంతట తానే హోరెత్తును. తాళము తీసినను ఆగదు. గేర్లు చేతితో వేయు బండియైనచో బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, పై గేరు వేసి, క్లచ్చి ఒక్కసారిగా వదలినచో ఆగును. ముందు మనుష్యులు లేకుండ చూడవలెను. గాలి గొట్టమునకు చేయి అడ్డము పెట్టరాదు. ఆపలేనిచో అందరిని దూరముగా పంపి మీరును తొలగిపొండు. ఆగిన ఇంజనును పరీక్ష చేయించక తిరిగి ప్రారంభింపరాదు. కాగిన టర్బోపై ఆయిలు చుక్కలు పడినచో నిప్పు పుట్టుననియు మరువకుడు.

నిత్య జాగ్రత్తలు

ప్రతి ఉదయము సమతల నేలపై పుల్ల తీసి, ఆయిలు రెండు గీతల నడుమ ఉన్నదా చూడుడు. ఎక్కువ పోయుటయు హానియే. కంపెనీ పుస్తకములో చెప్పిన రకపు ఆయిలునే, దుమ్ము దారుల బండికి చెప్పిన గడువుకంటె ముందుగానే మార్చుడు. ప్రారంభించిన వెంటనే ఇంజనును రేపకుడు. ఘాటు ఎక్కిన పిదప రెండు మూడు నిమిషములు మెల్లగా తిరుగనిచ్చి ఆపుడు. తీసిన పాత ఆయిలును బావి గట్టున, వాగులో పోయక, డబ్బాలో నింపి పాత ఆయిలు కొనువారికి ఇండు.

కడుగుట, చూచుట, పరీక్షించుట అను మూటికి ఖర్చు స్వల్పము. ఈ మూడును ముగిసిన పిదపనే టర్బో బేరమాడిన రైతు, ఒక్క ఏడాదిలో ఒకే వస్తువును రెండుమార్లు కొను నష్టము నుండి తప్పించుకొనగలడు.